ముందు మనమే ‘మరి’ అందాం

మా అమ్మమ్మ దగ్గర ఒక ఇత్తడి తమలపాకుల పెట్టె ఉండేది. అందులో సున్నం డబ్బీ, వక్కలు, ఒక పాత అడకత్తెర. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మమ్మ అరుగు మీద కూర్చుని వక్క కత్తిరించేది. నేను పక్కన చేరి చూసేదాన్ని. పైరెక్క ఒక్కటే ఉంటే వక్క జారిపోతుంది. కిందిరెక్క ఒక్కటే ఉంటే వక్క దాని మీద హాయిగా కూర్చుంటుంది. రెండు రెక్కలూ దగ్గరికొచ్చినప్పుడే కటుక్కుమని చప్పుడు. వక్క రెండు ముక్కలు.

అడకత్తెరలో పోకచెక్క. మనం తరచూ వాడే మాటే. ఎక్కువగా ఎవరి గురించి అంటాం? అమ్మకీ ఆలికీ మధ్య నలిగిపోయే మగవాడి గురించి అంటాం. ఈరోజు ఆ మాటని నేను ఇంకొకరి కోసం తీసుకుంటున్నాను. పద్దెనిమిదికీ పాతికకీ మధ్య ఉన్న మన ఇంటి ఆడపిల్ల కోసం.

ఆ పిల్లకి మనం చెప్పే మాటలు విడివిడిగా చూడండి. ఒక్కటీ చెడ్డమాట కాదు. బాగా చదువుకో. మంచిమాటే. పొద్దుపోకముందే ఇల్లు చేరు. అదీ మంచిమాటే. ధైర్యంగా ఉండు. మంచిదే. నెమ్మదిగా మాట్లాడు. అదీ మంచిదే. కానీ రెండూ ఒకే రోజు, ఒకే మనిషి మీద, ఒకే గంటలో పడితే? కటుక్కుమంటుంది. ఆ చప్పుడు మనకి వినపడదు. ఎందుకంటే మనం ఎప్పుడూ ఏదో ఒక రెక్కనే పట్టుకుని ఉంటాం. రెండు రెక్కలూ తెలిసేది వక్కకే.

నేను గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో తెలుగు పాఠం చెబుతాను. ఇరవై రెండేళ్లయింది. నా క్లాసులో ఒక అమ్మాయి ఉంది. డిగ్రీ మూడో సంవత్సరం. మొదటి పీరియడ్‌లోనే కళ్లు మూతలు పడిపోతుండేవి. ఒకరోజు నాకు కోపం వచ్చింది. నిలబెట్టి, “రాత్రంతా ఫోన్ చూస్తావా?” అని అందరి ముందూ అడిగేశాను. తలవంచుకుంది. మాట్లాడలేదు. మధ్యాహ్నం స్టాఫ్ రూముకి వచ్చి చెప్పింది.

వాళ్లది పల్లెటూరు. అప్పుడు మిరపకోతల రోజులు. వాళ్లమ్మ తెల్లవారేసరికి కోతకి వెళ్లిపోతుంది. కాబట్టి ఈ పిల్ల నాలుగున్నరకి లేవాలి. ఇల్లు ఊడ్చి, నీళ్లు పట్టి, అన్నం కూరా వండి, నాన్నకీ తమ్ముడికీ డబ్బాలు కట్టాలి. ఆ తర్వాత బస్సు. కాలేజీ అయ్యాక బ్యాంకు పరీక్షల కోచింగ్. కోచింగ్ వదిలేది ఏడున్నరకి. నాన్న పెట్టిన గడువు ఏడింటికల్లా ఇంట్లో ఉండాలని. అందుకని రోజూ ఆరుంపావుకే లేచి వచ్చేస్తుంది. ఆ చివరి గంటలోనే సారు లెక్కల్లో సందేహాలు తీరుస్తారు. అది ఈ పిల్లకి ఏనాడూ అందదు. నెలాఖరు పరీక్షలో మార్కులు తగ్గాయి. నాన్న ఏమన్నాడు? “ఫీజు కట్టింది ఇందుకేనా?” అన్నాడు.

వాళ్లమ్మని చెడ్డతల్లి అనుకోకండి. “చదువుకోకపోతే నాలాగే మిరపకాయలు కోసుకుంటావు” అని రోజూ చెప్పేది ఆవిడే. మిరప కోసిన చేతులు రాత్రంతా మండుతాయి. కొబ్బరినూనె రాసుకుని కూర్చుంటుంది. అన్నంలో చెయ్యి పెట్టలేదు. ఈ పిల్లే కలిపి ముద్దలు పెడుతుంది. ముద్ద నోట్లో పెట్టుకుంటూనే అమ్మ రెండు మాటలూ చెబుతుంది. “ఉద్యోగం తెచ్చుకోవాలమ్మా.” అది మొదటిది. “కూరలో ఉప్పు తక్కువైంది. రేపు అత్తారింట్లో ఇలా వండితే నన్నంటారు.” అది రెండోది. రెండూ ప్రేమతో అన్నవే. రెండూ ఒక్క ముద్దలోనే కలిసిపోయాయి.

నేను ఆ రోజు ఇంటికి వెళ్లి చాలాసేపు ఆలోచించాను. పొద్దున క్లాసులో ఆ పిల్లని నిలబెట్టిన నేను కూడా ఒక రెక్కే కదా.

ఇంకొక సంగతి చెబుతాను. క్రితం ఏడాది ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించడానికి ఒక షాపుకి వెళ్లాను. నాకంటే ముందు ఒక తల్లీ కూతురూ ఉన్నారు. కూతురి చేతిలో హెల్మెట్. బండి మీద తల్లిని తీసుకొచ్చింది ఆ పిల్లే. పెళ్లి బయోడేటా టైపు చేయిస్తున్నారు. కంప్యూటర్ ముందు కుర్రాడు అడుగుతున్నాడు, తల్లి చెబుతోంది. చదువు, బీటెక్. ఉద్యోగం, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. జీతం దగ్గర ఆగింది. తండ్రికి ఫోన్ చేసింది. “వెయ్యి, మంచి సంబంధాలొస్తాయి” అన్నాడాయన. కుర్రాడు అంకె వేశాడు. రెండు నిమిషాలకి ఆయనే మళ్లీ ఫోన్ చేశాడు. “అంత జీతం చూస్తే పిల్లకి పొగరుంటుందనుకుంటారు. తీసేయ్. ఉద్యోగం అని రాస్తే చాలు.” కుర్రాడు తీసేశాడు. తర్వాత, పెళ్లయ్యాక ఉద్యోగం చేస్తుందా అన్న చోట “అబ్బాయి ఇష్టాన్ని బట్టి” అని రాయించారు. అభిరుచులన్న చోట వంట, ముగ్గులు, పూజ.

ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆ అమ్మాయి ఒక్కమాట మాట్లాడలేదు. ఎత్తు దగ్గరికొచ్చేసరికి తల్లి “అయిదు మూడు” అంది. అప్పుడు ఆ పిల్ల మెల్లగా, “అమ్మా, నేను అయిదు రెండే” అంది. తల్లి, “ఊరుకోవే, చెప్పులతో కలిపి” అంది. కుర్రాడు అయిదు మూడు కొట్టాడు. చిన్నప్పుడు ఆ పిల్లకి అబద్ధమాడకూడదని నేర్పింది ఆ తల్లే అయి ఉంటుంది.

తల్లి నావైపు తిరిగి, “ఏం చెయ్యమంటారండీ, ఇలా రాయకపోతే ముందుకు రావట్లేదు” అంది. ఆ కళ్లలో మోసం లేదు. దిగులు ఉంది. రెండేళ్లుగా సంబంధాలు చూస్తున్న దిగులు.

ఈ దిగులు ఊరికే పుట్టలేదు. దానికొక లెక్క ఉంది. పిల్ల తక్కువ చదివితే, ఉద్యోగం లేదని సంబంధాలు రావు. ఎక్కువ చదివితే, అంతకంటే ఎక్కువ చదివినవాడు కావాలంటారు. వాడికి కట్నం ఎక్కువ. మనదేశంలో వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. అరవై ఏళ్లు దాటింది. పుచ్చుకోవడమూ నేరమే, ఇవ్వడమూ నేరమే. అయినా ప్రతి తండ్రి మనసులో ఆ అంకె తిరుగుతూనే ఉంటుంది. అందుకే చదివించాలి. కానీ మరీ చదివించకూడదు. సంపాదించాలి. కానీ సంపాదిస్తున్నట్టు కనిపించకూడదు. తప్పు ఆ తల్లి ఒక్కదానిదే అంటే అన్యాయం. అలాగని ఆ తల్లి చేతిలో రెక్క లేదంటే అదీ అబద్ధమే.

మన అమ్మమ్మల అమ్మమ్మల కాలంలో మాట ఒక్కటే ఉండేది. గడప దాటకు. అది దుర్మార్గమైన మాట. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టినప్పుడు ఆ మాటకి ఎదురు నిలబడ్డారు. ఎన్ని తిట్లు తిన్నారో మనకి తెలుసు. కానీ ఆ రోజుల్లో ఆడపిల్లని బడికి పంపమని ఒప్పించడానికి పెద్దలు ఏం చెప్పేవారు? చదువుకున్న పిల్ల మంచి భార్య అవుతుంది, మంచి తల్లి అవుతుంది, ఇల్లు చక్కదిద్దుతుంది. ఆ కాలానికి అలా చెప్పక తప్పలేదేమో. గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ కథ 1910 నాటిది. మేం క్లాసులో చెబుతాం. అందులో కమలిని చదువుకున్న పిల్ల. సానిపాటల వెంట తిరిగే భర్తని తెలివిగా దారికి తెస్తుంది. ఎంతో ఇష్టంగా చెబుతాను ఆ కథ. చెప్పిన ప్రతిసారీ ఒక ప్రశ్న నన్ను వదలదు. కమలిని చదువు చివరికి ఎవరిని దిద్దడానికి ఖర్చయింది? అంటే మొదటిరోజునే ఆడపిల్ల చదువుకి రెండు బరువులు కట్టాం. నీకోసం చదువుకో. ఇంటికోసమూ చదువుకో. రెండో బరువుని ఇప్పటికీ దించలేదు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతి మీకందరికీ తెలిసే ఉంటుంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలు. అక్కడ ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడింది ఆవిడ. వయసు పద్నాలుగు. టికెట్ లేకుండా ఎవరినీ పంపవద్దన్నారు. నెహ్రూగారు వచ్చారు. టికెట్ లేదు. ఆపేసింది. టికెట్ వచ్చాకే లోపలికి పంపింది. మన ఇళ్లలో ఈ కథ పిల్లలకి గర్వంగా చెబుతాం. అలా ఉండాలమ్మా అంటాం. ఇప్పుడు మన ఇంట్లో పద్నాలుగేళ్ల పిల్ల, ఇంటికొచ్చిన ఒక పెద్దమనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టి “మా నాన్న లేరండీ, తర్వాత రండి” అంటే ఏమంటాం? “పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడేది?” అంటాం. గోడమీద దుర్గాబాయి. గుమ్మంలో మాత్రం నోరులేని పిల్ల.

ఒక్కసారి మళ్లీ చెబుతాను. విడివిడిగా మంచిమాటలే. కలిస్తేనే కత్తెర.

ఇప్పుడు నా ఇంటి సంగతి చెబుతాను. ఇది చెప్పడం నాకు తేలిక కాదు.

మా అమ్మాయికి పదిహేడేళ్లప్పుడు బంధువుల పెళ్లికి వెళ్లాం. అంతకు రెండేళ్ల ముందే నేను దాన్ని కరాటే క్లాసులో చేర్పించాను. “ఎవరైనా తేడాగా ముట్టుకుంటే ఊరుకోకు, గట్టిగా అరువు, నలుగురికీ వినపడాలి” అని ఒకసారి కాదు, పదిసార్లు చెప్పాను. ఆ పెళ్లిలో మా వైపు ఒక పెద్దాయన పలకరించే నెపంతో దాని భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తీయలేదు. మా అమ్మాయి పక్కకి జరిగింది. ఆయనా జరిగాడు. అప్పుడది, “చెయ్యి తియ్యండి” అని గట్టిగా అంది. సరిగ్గా అప్పుడే మేళం ఆగింది. మాట పందిరంతా వినిపించింది.

నేనేం చేశానో తెలుసా? గబగబా వెళ్లి దాని మోచెయ్యి పట్టుకుని సారె సామాన్లు పెట్టిన గదిలోకి లాక్కెళ్లాను. “అందరి ముందూ అలాగేనా అరిచేది? ఆయన ఎవరనుకున్నావు? వాళ్ల ఇంట్లో శుభకార్యం ఇది” అన్నాను. అది ఏడవలేదు. అక్కడున్న అరటిపళ్ల గెల వంక చూస్తూ నిలబడింది. ఇంటికి వస్తున్నప్పుడు కారులో, చాలాసేపటికి, ఒక్కమాట అంది.

“మరి నువ్వే కదమ్మా అరవమన్నావు?”

నా దగ్గర జవాబు లేదు. జవాబు లేని పెద్దవాళ్లు ఏమంటారో నేనూ అదే అన్నాను. “ఎదురు చెప్పకు” అన్నాను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తెల్లవారాక దాని గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుని చెప్పాను. “నువ్వు చేసింది సరైనది. నేను చేసింది తప్పు. నువ్వు అరిచినప్పుడు నేను వచ్చి నీ పక్కన నిలబడాలి. నిన్ను గదిలోకి లాక్కెళ్లకూడదు.” ఆ పెద్దాయన ఇంటికి ఫోన్ చేసి, ఆయన భార్యతో కూడా జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ కోపగించింది. ఆ ఇంటితో రాకపోకలు చాలాకాలం లేవు. మా అమ్మాయి మాత్రం నాతో మాట్లాడుతూనే ఉంది. నాకు అది చాలు.

అప్పటినుంచి నాకు ‘మరి’ అనే మాట మీద ధ్యాస పడింది. రెండక్షరాల మాట. అయిదేళ్ల పిల్లకి కథ చెబుతుంటే “మరి అప్పుడేమైంది?” అని అడుగుతుంది. మనకి ముచ్చటేస్తుంది. ఎంత తెలివో అని నలుగురికీ చెప్పుకుంటాం. అదే పిల్ల పద్దెనిమిదేళ్లకి “మరి మీరే కదా చెప్పారు?” అంటే, అది ఎదురుమాట అయిపోతుంది. పిల్ల మారలేదు. మాటా మారలేదు. కథలో ‘మరి’ మనల్ని ముందుకు తీసుకెళుతుంది. బతుకులో ‘మరి’ మన రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. అది చూడటం మనకి కష్టం.

నేను ఈరోజు మీకు చెప్పదలచుకున్న ఉపాయం ఇదే. ఒక్కటే ఉపాయం. పిల్ల ‘మరి’ అనేదాకా ఆగకండి. ముందు మనమే ‘మరి’ అందాం.

ఎలా? ఆడపిల్లకి ఏదైనా ఒక మాట చెప్పినప్పుడు, వెంటనే మనమే ‘మరి’ అని, అంతకుముందు మనం చెప్పిన రెండో మాటని దాని పక్కన పెట్టాలి. పైకే అనాలి. నలుగురూ ఉన్నప్పుడు అనాలి. రెండూ పక్కపక్కన పెట్టాక పొసగలేదనుకోండి. రెండే దారులు. ఒక మాట తీసెయ్యాలి. లేదా ఒక కొస మనం పట్టుకోవాలి. మళ్లీ చెబుతున్నాను. ఒక మాట తీసెయ్యాలి. లేదా ఒక కొస మనం పట్టుకోవాలి. రెండూ దాని నెత్తిన పెట్టి, సర్దుకుపోవాలమ్మా అనకూడదు. సర్దుకోవడమంటే సామాను ఒక క్రమంలో పెట్టుకోవడం. పట్టని పెట్టెలో కుక్కడం కాదు.

కొన్ని ఉదాహరణలు చెబుతాను.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ ఇస్తాడు. అంటే ఇప్పుడు పిల్ల బస్సెక్కడానికి డబ్బు అడ్డం కాదు. మరి ఏది అడ్డం? ఎక్కడికి? ఎందుకు? ఎవరితో? ఎన్నింటికొస్తావు? ఈ నాలుగు ప్రశ్నలు. ప్రశ్నలు అడగవద్దని నేననను. తల్లిదండ్రులం, భయపడతాం. కానీ ఇలా అనండి. “ఇంటర్వ్యూకి విజయవాడ వెళ్లు తల్లీ. మరి రాత్రికి రాగలవా? రాలేకపోతే పిన్ని ఇంట్లో ఉండు, నేను ఫోన్ చేసి చెబుతాను.” చూశారా? భయం పోలేదు. కానీ ఒక కొస మీరు పట్టుకున్నారు.

అమెరికా చదువు సంగతి చూడండి. ఇరవై రెండేళ్ల పిల్లని అప్పుచేసి ఎమ్మెస్‌కి పంపుతాం. శంషాబాద్ విమానాశ్రయంలో రెండు పెద్ద పెట్టెలు, ఒక పచ్చడి డబ్బా, ఏడుపులు, ఫోటోలు. అక్కడ ఆ పిల్ల ఒంటరిగా ఇల్లు అద్దెకి తీసుకుంటుంది. మంచు కురిసే రాత్రి పని ముగించుకుని నడిచి వస్తుంది. బ్యాంకుతో, యూనివర్సిటీతో తనే మాట్లాడుకుంటుంది. రెండేళ్లకి సెలవు మీద ఇంటికొస్తే, వీధి చివర మందుల షాపుకి వెళ్లాలంటే తమ్ముణ్ణి తోడు పంపుతాం. పదోతరగతి తమ్ముణ్ణి. “మరి అక్కడ ఒక్కతే ఉంటోంది కదా” అని మనకి మనం ఒక్కసారి అనుకుంటే, ఆ తమ్ముడు హాయిగా క్రికెట్‌కి వెళతాడు.

మరోవైపు ఇంకో లోకం ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో 29 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయిందని తేలింది. తెలంగాణలో 23 శాతం పైచిలుకు. చట్టం 18 అంటోంది. మన రాష్ట్రంలో పదిమందిలో దాదాపు ముగ్గురికి అంతకుముందే తాళి పడింది. ఒక ఇంట్లో పిల్లని విమానం ఎక్కిస్తున్నారు. పక్క వీధిలో ఆ ఈడు పిల్ల చంకలో బిడ్డ ఉంది. ఆ రెండో పిల్ల తండ్రిని అడిగితే ఏమంటాడు? “కాలం బాగాలేదండీ, ఏదన్నా జరగకముందే ఒక అయ్య చేతిలో పెడితే మంచిది” అంటాడు. కాలం బాగాలేకపోతే పిల్ల పెళ్లి చేసుకోవాలి. కాలం మాత్రం అలాగే ఉండొచ్చు. దీనికి నాకు కోపం వస్తుంది. దాచుకోను. చెడ్డచూపు చూసేవాడికి ఒక్కమాట చెప్పలేని ఊరు, చూపు పడిన పిల్లకి మాత్రం వంద మాటలు చెబుతుంది. మగపిల్లలున్న తల్లిదండ్రులారా, మీ ‘మరి’ ఇక్కడ అవసరం. “ఆడపిల్లలు చీకటి పడ్డాక తిరగకూడదు” అని మీ అబ్బాయి వినేలా అన్నారనుకోండి. “మరి చీకట్లో వాళ్లని భయపెట్టేది ఎవర్రా?” అని కూడా వాడినే అడగండి.

ఇప్పుడు అత్తగార్లతో ఒక మాట. కోడలు ఉద్యోగం చెయ్యాలంటాం. జీతం ఇంటికి ఆసరా. తప్పులేదు. చుట్టాలొస్తే లోటు రాకూడదంటాం. అదీ తప్పులేదు. మరి రోజుకి గంటలెన్ని? కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక సర్వే చేసింది. ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారని. ఇంట్లోవాళ్ల కోసం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. అంటే ఆవిడకి అయిదు గంటలకి కాస్త తక్కువ. ఆయనకి గంటన్నరకి కాస్త తక్కువ. అదీ, అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ల లెక్క. చెయ్యి పెట్టనివాళ్లు ఈ లెక్కలోకే రారు. దీనిమీద ఎనిమిది గంటల ఉద్యోగం, దారిలో రెండు గంటలు వేసుకోండి. “ఉద్యోగం చెయ్యమ్మా. మరి సాయంత్రం వంట అబ్బాయి చేస్తాడు” అనగలిగితే అనండి. అనలేకపోతే, చుట్టాలొచ్చినప్పుడు పప్పూ పచ్చడీతో సరిపెట్టినందుకు ఆ పిల్లని వంటింట్లో నిలబెట్టి ఏమీ అనకండి. కనీసం ఆ ఒక్క మాట తీసెయ్యండి.

ఆడపిల్లలూ, మీరూ వింటున్నారని నాకు తెలుసు. ఈ ‘మరి’ అనే భారం కూడా మీమీదే వెయ్యడం నాకిష్టం లేదు. అందుకే ఇంతసేపూ పెద్దవాళ్లతో మాట్లాడాను. అయినా మీకు ఉపయోగపడే మాట ఒకటి చెబుతాను. రెండు మాటల మధ్య ఇరుక్కున్నప్పుడు గదిలోకి వెళ్లి ఏడవకండి. మీలో ఏదో లోపముందని అసలు అనుకోకండి. రెండు మాటలూ వాళ్లకే అప్పజెప్పండి. “నాన్నా, ఏడింటికి రమ్మన్నారు. కోచింగ్ మానొద్దన్నారు. రెండూ చేద్దామనే ఉంది. మీరే చెప్పండి, ముందు ఏది?” అనండి. ఏది ముందో తేల్చాల్సింది చెప్పినవాళ్లు. తేల్చలేకపోయినందుకు తప్పు చేసినదానిలా నిలబడాల్సిన అవసరం మీకు లేదు. కొన్ని ఇళ్లలో ఆ మాట కూడా అనలేరు. నాకు తెలుసు. అక్కడ ఒక మేనత్తో, ఒక టీచరో, ఒక అన్నయ్యో మీ తరఫున ఆ ‘మరి’ అనాలి. ఆ మేనత్తలూ టీచర్లూ కూడా ఈ రేడియో వింటున్నారనే నా ఆశ.

నా క్లాసులో నిద్రపోయే అమ్మాయి దగ్గరికి మళ్లీ వస్తాను. తర్వాతి నెలలో వాళ్ల నాన్న కాలేజీకి వచ్చాడు. స్కాలర్‌షిప్ కాగితాల కోసం. చొక్కాజేబులో చీటీలు, కాళ్లకి మట్టి. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. నేనేమీ ఉపన్యాసం చెప్పలేదు. “అమ్మాయి ఎన్నింటికి ఇంటికి రావాలండీ?” అని అడిగాను. “ఏడింటికల్లా ఉండాలండి. మా ఊరి మలుపు దగ్గర లైట్లు లేవు” అన్నాడు. “కోచింగ్ ఎన్నింటికి వదులుతారు?” అన్నాను. “ఏడున్నరకండి” అన్నాడు. చెప్పి ఆగాడు. టీ గ్లాసు బల్లమీద పెట్టాడు. నేను ‘మరి’ అనలేదు. ఆయనే అన్నాడు. “మరి... అదెట్టా కుదురుద్ది?” అన్నాడు. తన నోటితో తనే చెప్పిన రెండు మాటలు, పక్కపక్కన ఉండగా ఆయన అంతకుముందు ఎప్పుడూ వినలేదు. పాపం, రోజంతా మిర్చి టిక్కీలు మోసి వచ్చే మనిషికి అంత తీరికేది?

ఇప్పుడు ఆయన రోజూ ఎనిమిదిన్నరకి ఊరి మలుపు దగ్గర బండి ఆపుకుని నిలబడుతున్నాడు. అదే ఊరినుంచి ఇంకో ఇద్దరు పిల్లలు కూడా ఆ బస్సులోనే వస్తున్నారు. వాళ్లనీ ఆ చీకటి మలుపు దాటించి తీసుకెళుతున్నాడు. మలుపు దగ్గర లైటు కోసం పంచాయతీ ఆఫీసులో అర్జీ ఇచ్చాడు. అది ఇంకా రాలేదు. ఆ పిల్ల బ్యాంకు పరీక్ష మొదటిసారి పోయింది. మళ్లీ రాస్తోంది. కూరలో ఉప్పు గురించి వాళ్లమ్మ ఇప్పటికీ అంటూనే ఉంది.

పొద్దున వంట మాత్రం తమ్ముడికి అప్పజెప్పారు. ఇంటర్ చదువుతున్నాడు. మొదటిరోజు వాడు బియ్యం కొలత తెలియక ఇంటిల్లిపాదికీ రెండురోజులు సరిపోయేంత వండాడట. మర్నాడు పొద్దున అందరూ చద్దన్నం తిన్నారట, మజ్జిగా ఉల్లిపాయా వేసుకుని. ఆ పిల్ల వరండాలో నిలబడి నాకు ఈ సంగతి చెప్పింది. చెబుతూ నవ్వింది. ఆ రోజు మొదటి పీరియడ్‌లో, ముందు వరసలో కూర్చుంది.